దొరసానికి కోసిన ద్రాక్షతీగ

జూలో పులిని చూడ్డానికి జనం ఎగబడతారు. ఏనుగు దగ్గర ఫొటోలు దిగుతారు. పాములూ బల్లులూ ఉండే గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం అద్దాల్లోకి ఒక చూపు విసిరి, "ఏముందిక్కడ, కొమ్మలే కదా" అనేసి బయటపడతారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కొమ్మలత్తకి ఒళ్ళు మండేది. కొమ్మలే కదా అట! ఆ కొమ్మ ఏ గోడ మీంచి వంగిందో, ఎంతసేపు నీళ్ళలో నానిందో, ఎంత ఎండ తిని ఆ అద్దాల వెనక్కి చేరిందో వీళ్ళకేం తెలుసు?

ఆవిడకి అసలు పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. జీతాలిచ్చే వాళ్ళకి అది తెలిసే ఉంటుంది. మిగతా అందరికీ ఆవిడ కొమ్మలత్త. భుజాన గోనెసంచి, చేతిలో కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర, తలకి చుట్టిన గళ్ళ తువ్వాలు. పాములు చుట్టుకోవడానికి కొమ్మలు, బల్లులు పాకడానికి బెరడున్న దుంగలు, ఊసరవెల్లులు పట్టుకు నడవడానికి సన్నటి తీగలు తెచ్చి అమర్చడం ఆవిడ ఉద్యోగం. ఊరి నిండా చెట్లే కదా, ఇదీ ఒక ఉద్యోగమేనా అని మీరు అనుకోవచ్చు. ఆవిడ మొగుడు కూడా మొదట్లో అలాగే అనుకున్నాడు.

ఊరి నిండా చెట్లు ఉన్నమాట నిజమే. కానీ గన్నేరు కొమ్మ పెడితే ప్రాణి చస్తుంది. జిగురు కారే కొమ్మ పెడితే చర్మం అంటుకుపోతుంది. గోరుతో గీకగానే పాలు కారితే అవతల పారెయ్యాల్సిందే. రోడ్డు పక్కది పొగ మింగి ఉంటుంది. తోటలోది పురుగుమందు తాగి ఉంటుంది. ఇవన్నీ కాదనుకుని వెతికితే, ఊరంతటికీ పనికొచ్చే గోడలూ పెరళ్ళూ చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కొమ్మలత్త ముందు చీమల కోసం చూసేది. సాలెగూడు కనిపిస్తే సంతోషించేది. "పురుగు బతకని చోట మనవాళ్ళేం బతుకుతారు?" అనేది. ఆఖరున కొమ్మని ఒక ముక్క కోసి, కోసిన చోట ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని పీల్చేది. ఆ ముక్కు ఒప్పుకుంటేనే కొమ్మ లోపలికి. ముక్కు చిట్లించిందా, ఎంత అందమైన తీగైనా చెత్తకుప్పకే.

ఆ ముక్కుకి జూలో ఎంత పేరంటే, కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పాడు. "మేడం, ఇక్కడ జంతువులకి ఏ జబ్బైనా రావచ్చు గానీ విషం మాత్రం రాదు. మా అత్త ముక్కు దాటుకుని రావాలి కదా!" కొమ్మలత్త సిగ్గుపడిపోయి, "చాల్లెండి సార్, బడాయి" అంది. లోపల మాత్రం పొంగిపోయింది. పొంగదా మరి! ఆవిడ బతుకులో ఆవిడకంటూ దొరికిన పేరు అదొక్కటే.

అలాంటి ముక్కు కాస్తా పోయింది.

మొన్న వానల మొదట్లో ఒళ్ళు తెలియని జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది, దగ్గు పోయింది, పోతూపోతూ వాసన కూడా పట్టుకుపోయాయి. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురుకంపు కొడుతుంటే ఆవిడ పక్కనే కూర్చుని సంచికి చిరుగు కుట్టుకుంటోంది. మొగుడు పరుగెత్తుకొచ్చి గిన్నె దించి, "ఏమే, ముక్కు ఏమైనా కుదువ పెట్టావా?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు పాపం. ఆవిడ బావురుమంది.

నాలుగు రోజులు పోతే వస్తుందిలే అనుకున్నారు. రాలేదు. పైవాళ్ళకి చెబుదామని ఆవిడ ఒకటి రెండుసార్లు ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళింది. ప్రతిసారీ "మా అత్త ముక్కు" అన్న మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చేసింది. ముక్కు లేని కొమ్మలత్త ఎవరికి కావాలి? కత్తెర లాగేసుకుని, చీపురు చేతికిచ్చి, సందర్శకులు పారేసిన కాగితాలు ఏరమంటారు. అదీ ఆవిడ భయం.

ఇక ముక్కు అరువు తెచ్చుకోక తప్పింది కాదు. మొగుడిది దర్జీపని. ఇంటి ముందుగదిలోనే మిషను. సాయంత్రం ఆవిడ సంచిలోంచి ఒక్కో కొమ్మ ముక్కా తీసి అతని ముక్కు కింద పెట్టేది. "నేను బట్టలు కుట్టేవాణ్ణా, పోలీసు కుక్కనా?" అని విసుక్కుంటూనే, మెడలో టేపు సర్దుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం ఆవిడలాగే పీల్చేవాడు. "ఇది పచ్చివాసన. ఇది మట్టి. ఇది... అబ్బే, దీంట్లో ఏదో తేడా ఉందే, పారెయ్యి." పోనుపోను అతనికీ ఇందులో సరదా పుట్టింది. ప్యాంటు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఈ తంతు చూసి ముక్కున వేలేసుకునేవారు. మొగుడు బాగుందన్న కొమ్మ మర్నాడు జూలోకి వెళ్ళేది. అలా బండి బాగానే నడిచింది. కొమ్మలత్త తన గుట్టు దాగిందని నమ్మింది.

ఇప్పుడు దొరసాని సంగతి చెప్పాలి. దొరసాని ఒక ఆడ ఊసరవెల్లి. మనుషుల్లో రంగులు మార్చేవాళ్ళని దాని పేరుతో తిడతాం గానీ, నిజానికి అంత నిజాయితీ గల ప్రాణి ఇంకోటి లేదు. దానికి కోపమొస్తే ఒంటి మీదే రాసి ఉంటుంది, భయమేస్తే అదీ ఒంటి మీదే. ఒక కాలు ఎత్తి, గాల్లో ఊపి, కాసేపు ఆలోచించి, అప్పుడు పెట్టేది. ఒక కన్ను ముందుకీ ఇంకో కన్ను వెనక్కీ తిప్పి మనల్ని పైనుంచి కిందికి చూసేది. అందుకే కొమ్మలత్త దానికి ఆ పేరు పెట్టింది. పొద్దున్నే ఆవిడ వేలు చాపితే, ఎంతో దయ తలచినట్టు వేలెక్కి కూర్చునేది. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో దొరసాని కబుర్లు వినిపించని రాత్రి ఉండేది కాదు.

ఆ దొరసాని గుడ్లతో ఉంది. పొట్ట బరువెక్కింది. పాత కొమ్మలు ఎండి నున్నగా అయిపోయి కాలు జారుతోంది. "అత్తా, దానికి పట్టు దొరికే తీగ కావాలి, ఆకులతో సహా కావాలి, త్వరగా" అన్నాడు సూపర్‌వైజరు. ఆకులు ఎందుకంటే, ఊసరవెల్లి గిన్నెలో నీళ్ళు తాగదు. పొద్దున్న పైపుతో జల్లు కొడితే ఆకుల మీద నిలిచిన చుక్కలు నాకి దాహం తీర్చుకుంటుంది.

కొమ్మలత్త ఎప్పుడూ వెళ్ళే చోటికే వెళ్ళింది. మూతబడ్డ అచ్చాఫీసు వెనక గోడ నిండా అల్లుకున్న ద్రాక్షతీగ. ఎవరూ నీళ్ళు పొయ్యరు, ఎవరూ మందు కొట్టరు. ఆ రోజు చీమలు కనిపించలేదు. ముందురోజు వాన కురిసింది కదా, బయటికి రాలేదేమో అనుకుంది. ముందువైపు తలుపుకి కొత్త రంగు వేసి ఉండటం చూసింది. చూసి ఊరుకుంది. చీకటి పడకముందే ఇల్లు చేరి ఒక ముక్క మొగుడికిచ్చింది. అతను పీల్చి, ఒక్క క్షణం ఆగి, "బావుందిలే" అన్నాడు. మర్నాడు ఆ తీగలో కొంత కట్ట కట్టి కొమ్మలు దాచే షెడ్డులో ఉంచి, మిగతాది బకెట్లో ముంచి తీసి, దొరసాని అద్దాల గదిలో అడ్డంగా నిలువుగా కట్టింది. దొరసాని ఒక కాలు ఎత్తి, ఆలోచించి, తీగ పట్టుకుంది. కొమ్మలత్త మురిసిపోయింది.

ఆ తర్వాత రెండు పొద్దులు బాగానే గడిచాయి. ఆ పైన వచ్చిన పొద్దున ఆవిడ గది తలుపు తీసేసరికి దొరసాని తీగ మీద లేదు. అడుగున మట్టిలో పక్కకి ఒరిగి పడి ఉంది. ఒళ్ళంతా మాడిపోయిన ఆకు రంగు. కళ్ళు లోపలికి పోయాయి. వేలు చాపితే కాలు లేచింది గానీ, పట్టుకోవడానికి ముడుచుకోలేదు. వేళ్ళు అలా తెరుచుకునే ఉండిపోయి వణుకుతున్నాయి.

"డాక్టరమ్మా! డాక్టరమ్మా!" అన్న కేకకి పక్క గదుల్లో చిలకలు కూడా గొంతు కలిపాయి.

డాక్టరమ్మ వచ్చి, దొరసానిని బల్ల మీద గుడ్డలో పడుకోబెట్టి పొట్ట తడిమింది. సూపర్‌వైజరు వెనకాలే నిలబడ్డాడు.

"గుడ్లు అడ్డం పడ్డట్టున్నాయి" అంది డాక్టరమ్మ. "కిందికి దిగింది కూడా గుడ్లు పెట్టడానికే అయ్యుంటుంది. ఇలాగే వదిలేస్తే మధ్యాహ్నం దాకా కూడా ఉండదు. మత్తిచ్చి కోసి తీసెయ్యాలి."

"విషమేమైనా...?" అన్నాడు సూపర్‌వైజరు.

"నేనూ అదే అనుకున్నా మొదట. ఈ వణుకు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ తిండి మారలేదు, కొత్తగా వచ్చింది తీగొక్కటే. అది అత్త తెచ్చింది కదా."

"అయితే విషం కాదులెండి" అన్నాడాయన, ఇంకో మాట అవసరం లేనట్టు.

డాక్టరమ్మ కోసే సామాను ఉడకబెట్టమని చెబుతుండగానే కొమ్మలత్త మెల్లగా బయటికి జారుకుని, షెడ్డులో నిలబడి మొగుడికి ఫోను చేసింది.

"ఏమయ్యా, మొన్న నీకిచ్చిన ద్రాక్షతీగ... వాసన చూశావు కదా?"

"చూశాను. బావుందన్నాను కదే."

"ఏం బావుంది? నా మీద ఒట్టేసి చెప్పు. వాసనే రాలేదా?"

అటువైపు మిషను చప్పుడు ఆగింది. "రాలేదని కాదు... కాస్త కిరసనాయిలు వాసన వచ్చింది. కానీ అది తీగది కాదు, నాదే."

"నీదేంటి?"

"అప్పుడే కదే మిషను విప్పి కిరసనాయిలుతో కడిగింది! చేతులన్నీ అదే కంపు. నా చేతుల వాసన తీగకి అంటగట్టి, నిన్ను మళ్ళీ ఊరంతా తిప్పడమెందుకని... ఏమైంది? ఏమే? మాట్లాడవేం?"

పురుగుమందుకి కిరసనాయిలు వాసన ఉంటుందని ఆవిడకి తెలియంది కాదు. ముక్కు ఉన్న రోజుల్లో ఆ వాసన తగిలే ఎన్ని కొమ్మలు పారేసిందో! అచ్చాఫీసు తలుపుకి కొత్త రంగు కళ్ళ ముందు మెదిలింది. ఎవరో అద్దెకి దిగి ఉంటారు. గోడలకి చెదలు పట్టకుండా మందు కొట్టించి ఉంటారు. అది ఆకుల మీద పేరుకుని ఉంటుంది. ఆ రెండు పొద్దులూ తనే పైపు పట్టుకుని జల్లు కొట్టింది. ఆ చుక్కలు దొరసాని నాకుతుంటే తనే పక్కన నిలబడి "తాగు తల్లీ, తాగు" అంది. ఆ మాట గుర్తొచ్చి ఆవిడ అక్కడే గోడకి జారగిలబడింది.

లేచి పరుగెత్తింది. లోపల డాక్టరమ్మ చేతులకి తొడుగులు వేసుకుంటోంది. మత్తుమందు సూది బల్ల మీద సిద్ధంగా ఉంది.

"డాక్టరమ్మా, ఆగండి. ఆ తీగ... ఆ తీగకి కిరసనాయిలు వాసనొస్తోంది."

అప్పటికి కూడా అబద్ధమే. ఇంకా గుట్టు కాపాడుకోవాలనే ఆశ. డాక్టరమ్మ అద్దాల గదిలోకి తల పెట్టి తీగ వాసన చూసింది. సూపర్‌వైజరు కూడా చూశాడు. రోజూ జల్లు పడ్డ తీగ, ఇంకేం మిగులుతుంది?

"నాకేమీ రావట్లేదత్తా" అంది డాక్టరమ్మ.

"నాకు వస్తోందమ్మా. గట్టిగా వస్తోంది."

"ఇవాళ ఇంత గట్టిగా వచ్చే వాసన, కోసిన రోజు రాలేదా? మీ ముక్కుకి?" డాక్టరమ్మ గొంతులో అనుమానం లేదు, జాలి ఉంది. "దొరసాని అంటే మీకు ప్రాణమని నాకు తెలుసు. కంగారు పడకండి. టైము లేదు, నన్ను పని చేసుకోనివ్వండి." సూది చేతిలోకి తీసుకుంది.

గుడ్డలో దొరసాని నోటి చివర నురగ బుడగలా లేచి పగిలింది. ఒక కన్ను మెల్లగా తిరిగి కొమ్మలత్త వైపు ఆగింది. ఇన్నాళ్ళూ తన పేరు నిలబెట్టిన ముక్కే ఇప్పుడు దీని పీక నులుముతోందని ఆవిడకి అర్థమైంది. ఆ పేరు అక్కడ ఉన్నంతసేపూ తన మాట ఎవరూ వినరు.

"నాకు ముక్కు లేదమ్మా" అంది.

ఇద్దరూ తిరిగి చూశారు.

"వానల్లో జ్వరం వచ్చినప్పుడే పోయింది. ఇప్పటిదాకా రాలేదు. ఆ తీగ నేను వాసన చూళ్ళేదు. ఇంట్లో మా ఆయన చూశాడు. ఆయన చేతులకి కిరసనాయిలు ఉంది, తీగకున్న వాసన కూడా తన చేతులదే అనుకున్నాడు. షెడ్డులో మిగిలిన కట్ట ఉంది, దాని మీద నీళ్ళు పడలేదు. సార్, మీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళి వాసన చూడండి. డాక్టరమ్మా, మత్తు మాత్రం ఇవ్వొద్దు, విషం మీద మత్తంటే చచ్చిపోతుంది కదమ్మా!"

సూపర్‌వైజరు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, పళ్ళు బిగించి, షెడ్డు వైపు నడిచాడు. ఆయన తిరిగొచ్చేదాకా ఆ గదిలో ఎవరూ కదల్లేదు. డాక్టరమ్మ సూది గాల్లోనే పట్టుకుని ఉంది. కొమ్మలత్త దొరసాని పొట్ట లేస్తోందా లేదా అని కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. ఒకసారి ఆగినట్టే అనిపించింది. మళ్ళీ కాస్త లేచింది.

ఆయన తలుపు దగ్గర నుంచే అన్నాడు. "కిరసనాయిలే. కాదు, అంతకన్నా ఘాటు. తలనొప్పి పుట్టేలా ఉంది."

డాక్టరమ్మ మత్తు సూది పక్కన పడేసింది. అల్మారా తెరిచి వేరే సీసా తీసింది. "గోరువెచ్చని నీళ్ళు తెండి. ఒళ్ళంతా కడగాలి, నోరు కూడా. ముందు ఆ తీగలు పీకి బయట పారెయ్యండి." విరుగుడు మందు ఎక్కించింది. తర్వాత కొమ్మలత్త మొహంలోకి చూడకుండానే అంది, "ఇది ముందే చెప్పి ఉండాల్సింది అత్తా. ఇప్పుడేం చెప్పలేను. పట్టు తిరిగొస్తే బతికినట్టు. రాకపోతే లేదు."

కొమ్మలత్త బల్ల పక్కన స్టూలు మీద కూలబడింది. దొరసానిని తడిగుడ్డలోంచి తీసి తన అరచేతిలో పెట్టుకుని, చూపుడువేలు దాని కాలి కింద ఆనించింది. మధ్యాహ్నం గంట మోగింది, జనం అన్నాలకి వెళ్ళారు. ఆవిడ లేవలేదు. డాక్టరమ్మ వచ్చి ఇంకోసారి మందు వేసి వెళ్ళింది. ఆ చిన్న కాలు ఆవిడ వేలి మీద తెరుచుకునే ఉంది. "తప్పయిపోయింది తల్లీ" అని ఎన్నిసార్లు అందో ఆవిడకే తెలీదు. పేరు కోసం పాకులాడి నిన్ను చంపుకున్నానే అని లోపల్లోపల కుమిలిపోయింది. చీపురు పట్టుకోవడం ఇంత కన్నా కష్టమా? కాగితాలు ఏరడం ఇంత కన్నా అవమానమా?

అద్దాల మీద ఎండ పక్కకి ఒరిగిపోయే వేళకి సూపర్‌వైజరు వచ్చాడు. పొద్దున్న మింగిన కోపమంతా ఇప్పుడు బయటికొచ్చింది.

"ఇన్నాళ్ళు నీ ముక్కు మీద భరోసా పెట్టుకుని గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నాను అత్తా. ఎన్ని గదుల్లో ఎన్ని ప్రాణాలున్నాయి! అన్నిటినీ మీ ఆయన ముక్కుకి వదిలేశావా? ఒక్క మాట చెబితే నేనే వచ్చి వాసన చూసేవాణ్ణి కాదా?"

ఇన్నాళ్ళలో ఆయన్నే వాసన చూడమని అడగాలని ఆవిడకి తట్టనే లేదు.

"రేపటి నుంచి కొమ్మల జోలికి రావద్దు. కత్తెర ఇలా ఇచ్చెయ్. షెడ్డు తాళం కూడా."

కొమ్మలత్త కదల్లేదు.

"నిన్నే. కత్తెర."

"సంచిలో ఉంది, తీసుకోండి సార్" అంది ఆవిడ, తల తిప్పకుండా. "నా చెయ్యి ఖాళీ లేదు."

ఆయన ఇంకేదో అనబోయి ఆవిడ చెయ్యి చూశాడు. దొరసాని ముందు కాలు ఆవిడ వేలి చుట్టూ ముడుచుకుని ఉంది. రెండో కాలు లేచి గాల్లో ఊగి, కాసేపు ఆలోచించి, అదీ వచ్చి పట్టుకుంది. వీపు మీద ఒక మూల సన్నగా పచ్చదనం తేలుతోంది. ఆయన "డాక్టరమ్మని పిలుస్తాను" అన్నాడు. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి కత్తెర తీసుకున్నాడు, తాళం తీసుకున్నాడు. మనిషి మంచివాడే, కానీ అన్న మాట అన్నట్టే చేశాడు. అలా చెయ్యడమే సరైనదని కొమ్మలత్తకి కూడా తెలుసు.

జూ గేటు మూసేవేళకి మొగుడు బయట నిలబడి ఉన్నాడు. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయాడు. చేతులు సబ్బుతో తోమి తోమి ఎర్రగా చేసుకున్నాడు. ఆవిడ ఖాళీ సంచితో బయటికి రావడం చూసి ఎదురెళ్ళాడు.

"కత్తెర తీసేసుకున్నారు" అంది ఆవిడ.

"పోతే పోయిందిలే. మరి... అది? బతికిందా?"

ఆవిడ చూపుడువేలు చాపి అతని ముందు పెట్టింది. వేలికి రెండు పక్కలా చిన్న గోళ్ళు దిగిన ఎర్రటి గుర్తులున్నాయి.

"పట్టుకుంది" అంది, ఏడుస్తూ.